డిస్క్ బిగించాక హబ్ మోటారు కరకరమంటోంది, ఎవరైనా చెప్పండి

కృష్ణలంక సైకిల్
పొద్దున తొమ్మిదింటికి కూర్చున్నాను, ఇప్పుడు మూడవుతోంది. అన్నం కూడా తినలేదు. సైకిలుకి హబ్ మోటారు చక్రం (నడిమధ్యలోనే మోటారు ఉండేది) వేసి, దానికి బ్రేకు రోటరు, అంటే బ్రేకు పట్టే గుండ్రటి ప్లేటు, బిగించాను. ఆరు బోల్టులూ చక్కగా ఎక్కాయి. కానీ చేత్తో తిప్పితే కర్ర్ కర్ర్ అని ఎక్కడో తగులుతోంది. ఆ ప్లేటుని నొక్కి పట్టే క్యాలిపర్ విప్పేసి చూసినా అదే శబ్దం. రోటరే తగులుతున్నట్టుంది. యాక్సిల్‌కి వాషర్లు వేశాను, తీశాను, నాలుగుసార్లు విప్పి బిగించాను. రేపు డ్యూటీకి దీని మీదే వెళ్ళాలి. చెప్పండన్నా, చేతులు నొప్పి పుడుతున్నాయి.

వైండింగ్ పని
రోటరు తగులుతోందంటే మోటారు లోపల తిరిగే అయస్కాంతాల రింగు, కదలకుండా ఉండే తీగచుట్ల భాగానికి, అంటే స్టేటరుకి, రాసుకుంటోందన్నమాట. ఆ రెంటి మధ్య సందు మిల్లీమీటరుకి అటూ ఇటూగా ఉంటుంది. బేరింగు అరిగితే ఆ సందు పోతుంది. కవరు మీరే ఊడదీయకండి. అయస్కాంతం లాగిందంటే వేలు మధ్యలో నలిగిపోతుంది.

కృష్ణలంక సైకిల్
ఆ రోటరు కాదన్నా, బ్రేకు రోటరు. కొత్త మోటారు, బేరింగు పోవడానికి ఇంకా రోడ్డే ఎక్కలేదు.

వైండింగ్ పని
బ్రేకుదాన్ని డిస్కు అనండి. మోటారు పక్కన పెట్టుకుని రోటరంటే ఎవరైనా లోపలిదే అనుకుంటారు.

గేరు సైకిళ్ళ రిపేరు
ప్యాకెట్ మీద రోటరనే ఉంటుంది గురువుగారూ. సైకిలు పనిలో మేం అందరం అలాగే అంటాం. డిస్క్ బ్రేకంటే క్యాలిపర్, ప్యాడ్లు, కేబులు అన్నీ కలిపి. మీరు ప్లేటుని డిస్కంటే షాపులో మొత్తం సెట్టు తీసి చేతిలో పెడతారు.

వైండింగ్ పని
ఇరవై ఏళ్ళుగా మోటార్లు చుడుతున్నాను. రోటరంటే రోటరే.

రూలు ప్రకారం
అసలు ఇది ఎన్ని వాట్లు? 250 వాట్ల లోపు, గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అది దాటితే అది సైకిలు కాదు, మోటారు వాహనమే. రిజిస్ట్రేషన్, లైసెన్సు, ఇన్సూరెన్సు అన్నీ కావాలి. కిట్లు కొనేవాళ్ళు ఈ సంగతి ముందు చూసుకోవడం లేదు. రేపు ఎవరికైనా తగిలితే ఇన్సూరెన్సు లేక ఇల్లు గుల్లవుతుంది.

కృష్ణలంక సైకిల్
సార్, అది తర్వాత మాట్లాడదాం. ముందు శబ్దం సంగతి చెప్పండి.

ఎం5
ముందు చక్రమా వెనకదా? గేర్లున్న మోటారా లేనిదా? బోల్టు పొడవెంత?

కృష్ణలంక సైకిల్
వెనకది. గేర్లు లేనిది. రోటరు వ్యాసం 160 మి.మీ. క్యాలిపర్ మోటారు కవరుకి ఒరుసుకుంటుంటే, రోటరు కొంచెం బయటికి రావాలని రోటరుకీ కవరుకీ మధ్య ఒక్కో బోల్టుకి రెండేసి చిన్న వాషర్లు పెట్టాను. పాత బోల్టులు 10 మి.మీ., సరిగ్గా అందలేదు. హార్డ్‌వేర్ కొట్టులో 20వి ఉంటే తెచ్చి వేశాను. ఇది కూడా చెప్పాలా అనుకున్నాను.

ఎం5
అదే. విప్పి మొనలు చూడండి. బ్యాటరీ కలపొద్దు.

కృష్ణలంక సైకిల్
విప్పాను. రెండు బోల్టుల మొనలు తోమినట్టు మెరుస్తున్నాయి. ఒకదాని మరలో వెంట్రుక మందాన ఎర్రటి వార్నిష్ పెచ్చు, దాని పక్కనే రాగి పొడి. బోల్టులు లేకుండా తిప్పితే చప్పుడే లేదు. మోటారు పోయినట్టేనా?

వైండింగ్ పని
కంగారు పడకు బాబూ. ఆ కవరులో రంధ్రాలు అవతలికంటా ఉన్నట్టున్నాయి. కవరుతో పాటు బోల్టు తిరుగుతూ కదలకుండా ఉన్న వైండింగుని గీరింది. మల్టీమీటరు తీసుకో, కరెంటు దారి ఉంటే కూత పెట్టే సెట్టింగులో పెట్టు. మూడు లావు వైర్లూ కంట్రోలరు నుంచి విడదీసి, ఒక్కోదానికీ యాక్సిల్‌కీ మధ్య చూడు. మీటరు కూయకూడదు, కూసిందంటే వైండింగు బాడీకి కలిసినట్టు. వైర్ల కొనలు ఒకదానికొకటి తగలకుండా పెట్టి చక్రం తిప్పు. తేలిగ్గా తిరగాలి. పట్టిపట్టి ఆగుతుంటే కాయిల్లో కాయిల్ షార్టయిందన్నమాట.

గేరు సైకిళ్ళ రిపేరు
తమ్ముడూ, ఆ చిన్న వాషర్లు మళ్ళీ పెట్టకు. ఒకటి పల్చన, ఒకటి మందం ఉంటాయి, రోటరు వంకర తిరుగుతుంది. లేత్ షాపులో 2 మి.మీ. మందాన ఒకటే రింగు చేయించు. ఆరు రంధ్రాల వలయం 44 మి.మీ. వ్యాసం, అయినా నీ రోటరు చేతికిచ్చి దాన్ని చూసే వేయమను. రింగు 2 అయితే బోల్టు 12 చాలు, పాత బోల్టు ఎంత లోతు పట్టిందో ఇదీ అంతే పడుతుంది.

యాక్సిల్ వాషర్లతో నీ పని ఎందుకు కాలేదంటే, అవి చక్రాన్నీ రోటరునీ కలిపి జరుపుతాయి. రోటరుకీ కవరుకీ మధ్య సందు అంతే ఉంటుంది. ఆ సందు పెంచేది రింగు ఒక్కటే. రింగు వేశాక క్యాలిపర్ బయటికి జరగడానికి చోటు చాలకపోతే అప్పుడు యాక్సిల్‌కి ఒక వాషరు వెయ్. కవరు అంచు దగ్గర పల్చబడుతుంటే 180 రోటరు కూడా పనికొస్తుంది, క్యాలిపర్ అంచు వైపు వెళ్తుంది కాబట్టి. బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించు, మరకి, వదులు కాకుండా పట్టే నీలం లాక్ మందు పెట్టు. గ్రీజు చేత్తో రోటరుని ముట్టుకోకు. ముట్టుకున్నావా, స్పిరిట్‌తో తుడువు. పెట్రోలు వద్దు.

వైండింగ్ పని
రింగు సంగతి బాగా చెప్పారు. డిస్కు అని ఉంటే ఇంకా బాగుండేది.

కృష్ణలంక సైకిల్
మీటరు పక్కింటాయన దగ్గర దొరికింది. మూడు వైర్లూ కూయలేదు, చక్రం తేలిగ్గానే తిరిగింది. రేపు బస్సులో పోతా, సాయంత్రం ఆటోనగర్‌లో రింగు చేయిస్తా. థాంక్స్ అన్నా అందరికీ. ఇప్పుడు అన్నం తింటా.

రూలు ప్రకారం
వాట్లు ఎన్నో ఇంకా చెప్పలేదు.

కొత్త సభ్యుడు
నాది ముందు చక్రం, గేర్లున్న మోటారు. రంధ్రాలు ఆరు కాదు, అయిదే ఉన్నాయి. దానికి ఏ ప్లేటు పడుతుంది?