వరికి కార్బన్ డబ్బులిస్తామన్నా రైతులు సంతకం పెట్టట్లేదు, ఎక్కడ పొరపాటు?

నమస్తే అండి. మిర్యాలగూడ వైపు ఒక కార్బన్ క్రెడిట్ ప్రాజెక్టుకు (వాతావరణాన్ని వేడెక్కించే వాయువులు తగ్గిస్తే, ఆ తగ్గింపుకు డబ్బులిచ్చే పథకం) ఫీల్డ్‌లో పని చేస్తున్నా. పద్ధతి ఏంటంటే, వరి మడిలో పాతిన చిల్లుల గొట్టంలో నీళ్లు నేల మట్టం కంటే 15 సెంటీమీటర్లు కిందికి దిగాకే మళ్లీ తడి పెట్టాలి, పూత టైంలో మాత్రం నీళ్లు నిలపాలి. నీళ్లు ఎప్పుడూ నిలిచిన మడిలోంచి వచ్చే మీథేన్ వాయువు ఇలా తగ్గినందుకు రైతుకు డబ్బులు. కాకపోతే అవి తనిఖీలన్నీ అయ్యాక, అంటే వడ్లు అమ్ముకున్న చాలా రోజులకు వస్తాయి.

నెలన్నరలో మూడు ఊళ్లు తిరిగి 60 మందిని కలిస్తే సంతకం పెట్టింది 7 మంది, అందరూ బోరు కింద వాళ్లే. సాగర్ ఎడమ కాలువ కింద వాళ్లు నీళ్లొచ్చినప్పుడే పెట్టుకోవాలి కదా అంటున్నారు, అది నిజమే. బోర్ల వాళ్లకేమో కరెంటు ఫ్రీ, నీళ్లు మిగిలినా జేబులో మిగిలేదేం లేదు. కౌలు రైతులు సై అంటారు గానీ భూమి పాస్‌బుక్ ఓనర్ దగ్గరుంటుంది, ఆయన సంతకం పెట్టడు.

అర ఎకరంలో డెమో పెట్టాం, వీడియోలు చూపించాం. కలుపు పెరుగుతుందన్న భయం పోలేదు. ఒక పెద్దాయన గొట్టంలోకి తొంగి చూసి "దీంట్ల ఎలుక పడితే ఎవరు తీస్తరు బిడ్డా" అన్నాడు, నా దగ్గర జవాబు లేదు.

ఇలాంటి పథకంలో చేరిన రైతులు ఇక్కడుంటే చెప్పండి, మీ చేత సంతకం పెట్టించిన ఆ ఒక్క విషయం ఏంటి?