ఫోటో చూసి బాల్‌పెన్నుతో దింపిన బొమ్మ చిత్రకళ అవుతుందా?

నీలిసిరా:
ఫోటోను తలపించే బాల్‌పెన్ను బొమ్మ కనిపిస్తే చాలు, 'అద్భుతం' అనేయడం మనకు అలవాటైపోయింది. పోర్చుగల్‌కు చెందిన శామ్యూల్ సిల్వా వృత్తిరీత్యా న్యాయవాది. బొమ్మలు గీయడం సొంతంగా నేర్చుకున్నారు. 2012లో ఆయన గీసిన ఎర్రజుట్టు అమ్మాయి బొమ్మ ఇంటర్నెట్‌లో దేశదేశాలు తిరిగింది. దానికి 30 గంటలు పట్టిందట. అయితే ఆ ముఖం మీద వెలుతురు ఎటునుంచి పడాలో, ఏ క్షణంలో ఆమెను చూడాలో నిర్ణయించింది ఆయన కాదు, ఆయన చూసి గీసిన ఫోటోను తీసిన రష్యన్ ఫోటోగ్రాఫర్ క్రిస్టీనా తరాయినా. నిర్ణయాలన్నీ ఆమెవి అయినప్పుడు సిల్వాకు మిగిలింది ఓపిక. దాన్ని చిత్రకళ అనడానికి నాకు మనసొప్పడం లేదు.

గళ్ళకాగితం:
నీలిసిరా గారూ, ఆ పెన్నుతో ఒక్క చెంప గీసి చూసి ఈ మాట అనండి. బాల్‌పెన్నులో ఉండేది నూనె కలిసిన చిక్కటి సిరా. కాగితం మీద పడిందంటే రబ్బరుకు పోదు, నీళ్ళకు కరగదు. ఒంటి రంగు పెన్ను బజారులో దొరకదు కాబట్టి, ఉన్న కొద్ది రంగులనే చెయ్యి తేల్చి పలచటి గీతలుగా, ఒక వరుస మీద ఇంకో వరుస అడ్డంగా పడేలా గీసుకుంటూ పోవాలి. దూరంనుంచి చూసే కన్ను వాటిని కలుపుకుంటుంది. కంటిపాపలో మెరుపు కావాలంటే అంతమేర కాగితాన్ని మొదటినుంచీ ఖాళీగా కాపాడుకోవాలి. మధ్యమధ్య మొనను చిత్తుకాగితం మీద తుడవకపోతే అక్కడ పేరుకున్న సిరా బొట్టుగా దిగిపోతుంది. (నేను గీసినవాళ్ళలో చాలామందికి పుట్టుమచ్చలు అలా వచ్చినవే.) వీటిలో ఏ ఒక్కటీ ఫోటో చెప్పదు.

నీలిసిరా:
ఆ కష్టాన్ని నేను కాదనడం లేదు. మా చిన్నప్పుడు మా ఊరి స్టూడియోలో చనిపోయినవారి ఎన్లార్జిమెంట్లు గీసే ఆయన ఒకరుండేవారు. మా తాతగారికి విడిగా ఫోటో లేదు. పెళ్ళి గ్రూపు ఫోటోలో గోరంత ముఖం, అందులోనూ కుడి చెవి పక్కవారి తలపాగా చాటున పడిపోయింది. ఆయన మా నాన్నను ఎదుట కూర్చోబెట్టుకొని, ఆ చెవి చూసి తాతగారికి చెవి గీశారు. చిత్రకారుడి పని అంటే నా దృష్టిలో ఆ చెవి. సిల్వా ముందున్న ఫోటోలో అలాంటి లోటు ఏముంది?

సాదాగీత:
కళ అవునో కాదో తేల్చేలోపు హక్కు సంగతి కూడా చూడండి. లిన్ గోల్డ్‌స్మిత్ 1981లో తీసిన గాయకుడు ప్రిన్స్ ఫోటో ఆధారంగా అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ చిత్రాలు చేశారు. వాటిలో ఒకదాన్ని వార్హోల్ ఫౌండేషన్ ఒక పత్రికకు అచ్చుకిచ్చి సొమ్ము తీసుకోవడం న్యాయసమ్మత వినియోగం (హక్కుదారు అనుమతి లేకుండానే వాడుకోనిచ్చే మినహాయింపు, ఫెయిర్ యూజ్) కిందికి వస్తుందన్న వాదనను 2023లో అమెరికా సుప్రీంకోర్టు అంగీకరించలేదు. అంత మార్చి గీసిన చిత్రానికే ఇలా అయితే, ఉన్నదున్నట్టు దింపేవారు ముందుగా అనుమతి అడగడం మంచిది. కనీసం బొమ్మ కిందైనా ఫోటో తీసినవారి పేరు రాయాలి.

గళ్ళకాగితం:
పేరు రాయాలన్న మాటతో నాకు పేచీ లేదు. నీలిసిరా గారూ, మీ తాతగారి చెవి మాత్రం నన్ను కాసేపు ఆపింది. కానీ ఏ ఫోటోలోనైనా జుట్టు నీడలోకి వెళ్ళేచోట వెంట్రుకలన్నీ ఒకే నల్లటి ముద్దగా కలిసిపోతాయి. ముద్దను ముద్దగా గీస్తే విగ్గులా కనిపిస్తుంది కనుక, గీసేవాడు అక్కడ పాయలను ఊహించుకొని విడదీయక తప్పదు. సిల్వా బొమ్మనూ, తరాయినా ఫోటోనూ పక్కపక్కన పెట్టుకొని జుట్టు కుదుళ్ళ దగ్గర పెద్దది చేసి చూడండి. అక్కడ ఎన్ని చెవులు దొరుకుతాయో లెక్కపెట్టాక మళ్ళీ వాదించుకుందాం.