బాలి అమెద్‌లో గ్రూప్ ఫ్రీడైవింగ్: రోజు ఎలా ఉంటుంది?

ప్రశ్న: నలుగురం ఫ్రీడైవింగ్‌కి (సిలిండర్ లేకుండా ఊపిరి బిగబట్టి లోతుకు దిగడం) అమెద్ వెళ్తున్నాం. అందరికీ లెవెల్ 1, అంటే మొదటి కోర్సు అయింది, కానీ సముద్రంలో దిగి ఏడాది దాటింది. రోజుకు ఎన్ని డైవ్‌లు పడతాయి? తులంబెన్‌లో మునిగి ఉన్న లిబర్టీ ఓడ మీద స్కూబా (సిలిండర్‌తో డైవింగ్) కూడా కలుపుకోవచ్చా?

జవాబు 1: మీరనుకున్నన్ని పడవండి. బోయ్‌కి (నీళ్లపై తేలుతూ, కిందికి తాడు వేలాడే బుడగ) నలుగురంటే ఒకరు ఆ తాడు వెంట దిగుతారు, ఒకరు కాపలా, ఇద్దరు ఊపిరి సర్దుకుంటూ తేలుతుంటారు. తయారీతో కలిపి మనిషికి 3 నిమిషాలు వేసుకున్నా మీ వంతు 12 నిమిషాలకోసారి. గంటన్నరలో ఆరో ఏడో. నీళ్లు 28 డిగ్రీలున్నా అంతసేపు కదలకుండా ఉంటే చలేస్తుంది, వణికితే ఆక్సిజన్ వృథా. 3 మి.మీ. వెట్‌సూట్ (ఒంటి వేడి నిలిపే రబ్బరు సూట్) తప్పనిసరి. నల్ల ఇసుక మధ్యాహ్నానికి కాలిపోతుంది, చెప్పులు మరవకండి.

జవాబు 2: కాపలా సంగతి ఎవరూ సరిగా చెప్పరు. 20 మీటర్ల డైవ్‌కి కాపలా మనిషి 7–10 మీటర్ల దగ్గర ఎదురెళ్లి, ముఖం చూస్తూ పక్కనే పైకి రావాలి. 10 మీటర్ల దగ్గర 2 అట్మాస్ఫియర్ల పీడనం పైకొచ్చేసరికి 1కి పడిపోతుంది, ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ పీడనమూ దాంతోపాటే. అందుకే స్పృహ తప్పడం ఎక్కువగా పైన, పైకొచ్చాక కూడా జరుగుతుంది. 30 సెకన్లు కళ్లు తిప్పకండి. పైకొచ్చినవాళ్లు బోయ్ పట్టుకుని, గాలంతా ఒక్కసారే వదిలేయకుండా, చటుక్కున పీల్చి, క్షణం ఆపి, నెమ్మదిగా వదలాలి. మూడు నాలుగు సార్లు. దిగేముందు గబగబా ఊపిరి తీసే అలవాటు ఎవరికైనా ఉంటే మాన్పించండి. దానివల్ల ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ తగ్గి ఊపిరి కావాలన్న హెచ్చరిక ఆలస్యమవుతుంది, అంతే.

జవాబు 3: ఏడాది గ్యాప్ అంటే మొదటిరోజు చెవులే ఆపేస్తాయి, ఊపిరి కాదు. తలకిందులుగా దిగుతూ సముద్రం అడుగు కనిపిస్తుందా అని తల పైకెత్తితే మెడ సాగి ఈక్వలైజ్ (చెవిలోపలి పీడనం బయటి నీటి పీడనంతో సమం) అవ్వదు. గడ్డం లోపలికి, చూపు తాడు మీద. మొదటి రెండు మూడు డైవ్‌లు ఫిన్స్ (కాళ్ల రెక్కలు) కొట్టకుండా తాడు పట్టుకుని లాక్కుంటూ, కాళ్లు కిందికి పెట్టి దిగండి. నొప్పి వస్తే బలవంతం చేయొద్దు, తిరిగొచ్చేయండి. జలుబుంటే మాత్ర వేసుకుని దిగడం వద్దు: మందు ప్రభావం లోపల ఉండగానే తగ్గితే, పైకి వచ్చేటప్పుడు చెవిలో గాలి ఇరుక్కుపోతుంది. నడుముకు కట్టుకునే బరువులు, 10 మీటర్ల దగ్గర మీరు తేలకుండా మునగకుండా ఉండేలా సరిచూసుకోండి.

లిబర్టీ మీద స్కూబా విడిగా ఒకరోజు పెట్టుకోండి. స్కూబా చేసిన రోజు ఫ్రీడైవింగ్ వద్దు, రక్తంలో మిగిలిన నైట్రోజన్‌తో ప్రమాదం. విమానానికి ముందు 18 గంటల ఖాళీ ఉంచండి. ఓడ లోపలికి ఊపిరి బిగబట్టి దూరడం మాత్రం లెవెల్ 1 వాళ్ల పని కాదు, బయటినుంచే చూడండి. చాలా భాగం 30 మీటర్ల లోపే ఉంది.