అప్‌డేట్: థ్రాంబోసైటోపీనియా అంటే ఇప్పుడు టెన్షన్ లేదు

రక్తం, శోషరస (లింఫ్) వ్యవస్థల వైద్య పదాలు ఎంత చదివినా గుర్తుండట్లేదని మొన్న అడిగాను కదా. మీరు చెప్పినట్టే పదాన్ని ముక్కలు చేసి చదివాను, పని చేసింది! థ్రాంబో అంటే గడ్డ, సైటో అంటే కణం, పీనియా అంటే కొరత. కలిపితే ప్లేట్‌లెట్లు, అంటే రక్తాన్ని గడ్డకట్టించే కణాలు, తగ్గడం. ల్యూకోపీనియా అంటే తెల్లకణాలు తగ్గడం, ల్యూకోసైటోసిస్ అంటే పెరగడం.

తికమక పెట్టింది ఎనీమియా. అక్షరాలా చూస్తే ‘రక్తం లేకపోవడం’, కానీ వాడుకలో హిమోగ్లోబిన్ తగ్గడమే. లింఫడెనోపతీ (లింఫ్ నోడ్లు, అంటే శోషరస కణుపులు, వాయడం) కూడా అలాంటిదే. అడెనో అంటే గ్రంథి, లింఫ్ నోడ్ ఏమో నిజానికి గ్రంథే కాదు! పాత పేరు అలా అతుక్కుపోయింది, మనం బట్టీ కొట్టాలి.

నిన్నటి టెస్టులో స్ప్లీనోమెగలీ వచ్చింది. ప్లీహం పెరగడం అని చూడగానే రాసేశాను.