బొరియ తవ్వే చేపకు రీఫ్ తొట్టిలో ఇసుక ఎంత లోతు ఉండాలి?

ప్రశ్న – కడప నుంచి

మా ఇంట్లో 3 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు ఉన్న రీఫ్ తొట్టి (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) ఏడాదిగా నడుస్తోంది. అడుగున సన్నటి అరగొనైట్ (సున్నపు ఖనిజం) ఇసుక అంగుళం మందాన ఉంది. నెల కిందట ఒక జాఫిష్‌ను (ఇసుకలో బొరియ తవ్వుకొని ఉండే సముద్రపు చేప) తెచ్చి వదిలాను. అది రోజూ నోటితో ఇసుకను ఎత్తిపోస్తూ అడుగు అద్దం కనిపించేదాకా తవ్వుతోంది గానీ, తవ్విన గుంట సాయంత్రానికల్లా కూలిపోతోంది. మేత కూడా సరిగా అందుకోవడం లేదు. తొట్టి అంతటా ఇసుక పెంచాలా? పెన్నా ఇసుకను కడిగి వాడవచ్చా?

జవాబు – కర్నూలు నుంచి

అంతటా పెంచనక్కర లేదండీ. జాఫిష్‌కు కావలసిన ఆరు అంగుళాల మందాన్ని మీ తొట్టి అంతటా పరచాలంటే దాదాపు 95 కిలోల ఇసుక పడుతుంది. అదే అడుగు పొడవు, ముప్పావు అడుగు వెడల్పు గల ఒక మూలలో పోస్తే 15 కిలోలతో సరిపోతుంది. పంపు ధార తగలని మూలను ఎంచుకొని, ఇసుక జారిపోకుండా ముందు ఒక అద్దపు పట్టీని అడ్డుగా నిలబెట్టండి.

లోతు ఒక్కటే చాలదు. మన ప్రాంతంలో బావి తవ్వి రాతికట్టు కట్టినట్టే, జాఫిష్ కూడా చిన్న రాళ్లను, చిప్పల ముక్కలను నోటితో తెచ్చి బొరియ గోడకు పేర్చుకుంటుంది. అంతా సన్నటి ఇసుకే అయితే దానికి కట్టుకోవడానికి ఏమీ ఉండదు. మీ తొట్టిలో గుంట కూలడానికి ప్రధాన కారణం ఇదేనని నా అభిప్రాయం. కాబట్టి బఠాణీ గింజంత, కందిగింజంత అరగొనైట్ ముక్కలను, పగిలిన ఆల్చిప్పలను ఇసుకలో కలపండి. సముద్రతీరంలో పగడపు ముక్కలు ఏరుకొచ్చే ఆలోచన మాత్రం వద్దు. రాతి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్‌లో (రక్షిత జీవుల జాబితాలో) ఉన్నాయి. పెన్నా ఇసుక ప్రధానంగా సిలికా, పైగా బంకమన్ను కలిసి వస్తుంది. దాన్ని ఇంటి పనికే ఉంచుకోండి.

ఇంతకీ మీ రాళ్లు ఇసుక మీద ఉన్నాయా, అద్దం మీద ఉన్నాయా? ఇసుక మీద ఉంటే, చేప కింద తవ్విన రోజున అవి దాని మీదే కూలుతాయి. ముందుగా వాటిని నేరుగా అడుగు అద్దం మీద కుదురుగా నిలపండి.

జవాబు – అనంతపురం నుంచి

పై సలహా జాఫిష్‌కు సరైనదే గానీ, బొరియ చేపలన్నిటికీ వర్తించదు. పిస్టల్ రొయ్యతో జోడీ కట్టి ఒకే బొరియలో ఉండే గోబీ చేపకు రెండు మూడు అంగుళాలు చాలు. తవ్వే పని రొయ్యదే, కాపలా చేపది. చూపు మందమైన ఆ రొయ్య తన మీసాన్ని చేపకు ఆనించి ఉంచి, చేప తోక ఆడించగానే లోపలికి దూరుతుంది. రాత్రిపూట ఇసుకలో దూరి పడుకునే రాస్ చేపలకైతే గరుకు ముక్కలు ఒంటికి గీసుకుంటాయి కనుక మెత్తటి ఇసుకే కావాలి.

కొత్త ఇసుకను ఒక్కసారిగా కుమ్మరించకుండా, బాగా కడిగి, వెడల్పాటి పైపు గుండా కొంచెం కొంచెంగా దించండి. లోతైన ఇసుక పాతబడ్డాక అడుగుదాకా కెలకవద్దు. గాలి అందని పొరల్లో కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే విషవాయువు చేరుతుంది. జాఫిష్ బెదిరితే ఎగిరి బయట పడుతుంది గనుక మూత తప్పనిసరి, అయితే మన ఎండలకు అద్దపు మూత వేస్తే నీరు వేడెక్కుతుంది. సన్నటి వల బిగించండి.

ప్రశ్నించినవారు – కడప నుంచి

రాళ్లు ఇసుక మీదే ఉన్నాయి. ఈ ఆదివారం వాటినే ముందు సర్దుతాను. ఎడమ మూలను బొరియకు కేటాయిస్తాను. ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం: రాత్రి గుంట నోటికి అది ఒక చిప్పను అడ్డం పెట్టుకుంటోంది. తీసేయాలా?

జవాబు – కర్నూలు నుంచి

తీయకండి, అది దాని తలుపు. తెల్లవారాక తనే పక్కకు నెట్టుకుంటుంది. కొత్త మూలలో కూడా ఆ పనికి సరిపడే చిప్పలు రెండు మూడు వదిలిపెట్టండి.