షెడ్డులో ఏళ్లుగా పడున్న జావా 250: ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

కొత్తచేతులు:
మా పెదనాన్న తిప్పిన జావా 250 ఏళ్ల తరబడి షెడ్డులో స్టాండు మీదే ఉండిపోయింది. ఇప్పుడు నా చేతికొచ్చింది. కిక్ అంగుళం కూడా దిగట్లేదు. ట్యాంకు మూత తీస్తే పెట్రోలు వాసన కాదు, పాత వార్నిషు వాసన కొడుతోంది. సైలెన్సర్ల క్రోము పొక్కులు లేచింది, రంగు అక్కడక్కడా పెచ్చులూడింది. పనంతా ఇంట్లోనే చేసుకోవాలని కోరిక. ముందు ట్యాంకు, మడ్‌గార్డులు రంగుకిచ్చేసి, అవి తిరిగొచ్చేలోపు ఇంజను విప్పుదామనుకుంటున్నా. ఈ వరుస సరైందేనా? పాత బళ్లు చేసుకున్నవాళ్లు మీ అనుభవం చెప్పండి.

పాతఇనుము:
రంగు జోలికి ఇప్పుడే పోకు తమ్ముడూ. ఇంజను ఒకసారి ఎక్కించి దించడంతో అయిపోదు. ఎక్కించాక ఎక్కడో ఆయిలు కారుతుంది, మళ్లీ దించుతావు. ఒక బ్రాకెట్టు రంధ్రం కలవదు, ఆకురాయి పట్టాలి. ఇవన్నీ కొత్త రంగు మీద చేస్తే స్పానరు జారిన ప్రతిసారీ ప్రాణం ఉసూరుమంటుంది. నేనైతే పాత రంగుతోనే బండి మొత్తం బిగించి, నడిపి, ఆపి చూసి, అప్పుడు మళ్లీ విప్పి రంగుకి పంపిస్తా. రెండు పనులని విసుక్కునేవాళ్లే చాలామంది. సగంలో ఆగిపోయి, రంగేసిన ముక్కలుగా గోనెసంచుల్లో అమ్ముడుపోయే బళ్లు ఎక్కువగా వాళ్లవే.

విప్పేముందు ఫొటోలు తియ్యి. బండి మొత్తం కనబడేవి కాదు, దగ్గర నుంచి. కేబులు ఏ గొట్టానికి ఎటువైపు నుంచి పోతోంది, వాషర్లు ఏ వరుసలో ఉన్నాయి, వైరు ఏ రంగుది ఏ స్క్రూ కింద ఉంది, అలాంటివి. తీసిన బోల్టుని వీలైతే అదే రంధ్రంలో మళ్లీ రెండు చుట్లు తిప్పి పెట్టేయ్. డబ్బాలో పోస్తే తర్వాత ఏది ఎక్కడిదో దేవుడికే తెలియాలి. చిరిగిన ప్యాకింగుతో సహా ఏదీ పారేయకు. కొత్త ప్యాకింగు ఎంత మందం కావాలో ఆ చిరిగిన ముక్కే చెబుతుంది.

ఇక కిక్ సంగతి. జావాలో కిక్కూ గేరూ ఒకటే లివరు కదా. లోపలికి నొక్కి పైకి తిప్పితేనే కిక్ అవుతుంది. ఇరుక్కున్నది ఆ షాఫ్టా, పిస్టనా అన్నది ముందు తేల్చుకో. ప్లగ్గు తీసి, గేర్లో వేసి, వెనక చక్రాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపి చూడు. చక్రం కూడా కదలకపోతే పిస్టనే పట్టేసిందనుకో. ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సుల్లో పోసే ఆయిలు), డీజిలు సగం సగం కలిపి ప్లగ్గు రంధ్రంలోంచి పోసి వదిలేయ్. మర్నాడు మళ్లీ ఊపు, మళ్లీ కాస్త పోయి. కిక్ మీద ఎక్కి తొక్కడం, పిస్టను మీద సుత్తితో కొట్టడం మాత్రం వద్దు.

సగంస్ట్రోకు:
అన్న చెప్పింది నిజం. దానికి ఒక్కటి కలుపుతా. కదలట్లేదని హెడ్డు తీసి సిలిండరు లాగేటప్పుడు చాలామంది దాన్ని అటూ ఇటూ తిప్పుతారు. జావా లాంటి టూ స్ట్రోకులో అది ప్రమాదం. రింగుల కొసలు పిస్టను గాడిలో ఉన్న చిన్న పిన్ను దగ్గర కుదురుగా ఉంటాయి. సిలిండరు తిప్పితే ఆ కొస పోర్టు (సిలిండరు గోడలో గాలి, పొగ పోయే కన్నం) ఎదురుగా వచ్చి బయటికి విచ్చుకుంటుంది. అప్పుడు లాగితే రింగు పుటుక్కుమంటుంది, పోర్టు అంచు కూడా చెక్కుకుపోతుంది. నిలువుగా లాగాలి, అంతే. కింద భాగానికి చెక్కతో మెల్లగా తట్టొచ్చు. ఫిన్నుల (సిలిండరు చుట్టూ ఉండే చల్లార్చే రెక్కల) మీద కొట్టకండి, పాత పోత ఇనుము విరిగితే మళ్లీ అతకడం కష్టం.

కొత్తచేతులు:
కదిలింది! ఏటీఎఫ్, డీజిలు పోస్తూ వారం పైనే ఊపాను. మొదట వెంట్రుకవాసి, తర్వాత ఒక్కసారిగా. సిలిండరు నిలువుగానే లాగాను. లోపల ఎగ్జాస్టు పోర్టుకి కొంచెం పైన గుండ్రంగా తుప్పు గీత ఉంది. పై రింగు గాడిలోనే అతుక్కుపోయింది. ఎమిరీ పేపరుతో రుద్ది మళ్లీ అవే రింగులు వేసేయొచ్చా, బోరింగు (సిలిండరు లోపలి గోడ కోసి పెద్దది చేయించడం) తప్పదా?

బోరుబావి:
గోరు పెట్టి పైనుంచి కిందికి లాగు. గీత దగ్గర గోరు తట్టుకుంటే ఎమిరీతో పోయే సంగతి కాదు. తట్టకపోయినా కొలవాలి. జావా 250కి కంపెనీ బోరు (సిలిండరు లోపలి వెడల్పు) 65 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) 75. సిలిండరు పైన, మధ్యలో, కింద, ఒక్కో చోట ముందు వెనకా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలిపించు. పాత సిలిండరు ఎక్కడా సరైన గుండ్రం ఉండదు.

బోరింగుకి ఇచ్చే ముందే పిస్టను చేతిలో ఉండాలి. పిస్టను కొలిచి, దానికి తగిన క్లియరెన్సు (సందు) వదిలి బోరు కొట్టాలి గానీ, ముందు బోరు కొట్టించి తర్వాత దానికి సరిపడే పిస్టను వెతకడం తలకిందుల పని. పెట్టె మీద ఓవర్‌సైజు అంకె ఒకటే ఉన్నా లోపలి పిస్టన్లు వెంట్రుకవాసి తేడాతో ఉంటాయి.

బోరింగు అయ్యాక పోర్టుల అంచులు కత్తిలా ఉంటాయి. వాటిని సన్నగా ఏటవాలుగా అరగదీయాలి. కొందరు లేత్ పనివాళ్లకి ఫోర్ స్ట్రోకు సిలిండర్లే అలవాటు, ఈ పని వాళ్లకి తట్టదు. గుర్తుచేసి మరీ చేయించుకో. ఇంటికి తెచ్చాక వేడినీళ్లు, సబ్బుతో కడుగు. తెల్లటి గుడ్డ మీద మసి అంటడం ఆగేదాకా కడిగి, ఆరీ ఆరగానే ఆయిలు రాసేయ్. లేకపోతే కళ్లముందే తుప్పు పడుతుంది.

రింగుని వట్టి సిలిండరులో పెట్టి, పిస్టను బోర్లించి దాంతో నెట్టితే సమంగా కూర్చుంటుంది. అప్పుడు కొసల మధ్య సందుని ఫీలర్ గేజితో (సందు కొలిచే సన్న రేకులతో) చూడు. సందు అసలు లేకపోతే వేడికి రింగు కొసలు ఒకదాన్నొకటి నెట్టుకుని పట్టేస్తాయి. పిస్టనుని కనెక్టింగ్ రాడ్డుకి కలిపే పెద్ద పిన్నుకి రెండు పక్కలా కొత్త సర్‌క్లిప్పులే (పిన్ను జారకుండా పట్టే క్లిప్పులే) వేయాలి, పాతవి మళ్లీ వాడకు. వేసేటప్పుడు క్రాంకుకేసు (సిలిండరు కింద ఉండే ఇంజను పెట్టె) నోట్లో గుడ్డ కుక్కు. క్లిప్పు ఎగిరి అందులో పడితే ఆ రోజుకి నీ పని అంతే.

రెంచిరాణి:
ట్యాంకు గురించి ఎవరూ చెప్పలేదు. అందులో నట్లు, గులకరాళ్లు పోసి గిలకొడితే పెచ్చులు రాలతాయి గానీ అతుకుల సందుల్లో తుప్పు అలాగే ఉంటుంది. నాకు నచ్చింది కరెంటు పద్ధతి. నీళ్లలో వాషింగ్ సోడా కలిపి ట్యాంకు నింపి, మూత రంధ్రంలోంచి ఒక ఇనుప కడ్డీ దించాలి. కడ్డీ ట్యాంకు రేకుకి ఎక్కడా తగలకుండా రబ్బరు తొడుగు పెట్టాలి. బ్యాటరీ చార్జరు ప్లస్సు కడ్డీకి, మైనస్సు ట్యాంకుకి. తారుమారైతే తుప్పు వదలడం మాట అటుంచి, ట్యాంకు రేకే కరిగిపోతుంది. కడ్డీకి మడ్డి పట్టినప్పుడల్లా తీసి గీకి మళ్లీ దించాలి.

రెండు జాగ్రత్తలు. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ వాడొద్దు, అందులోంచి విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. రెండోది, ఈ పనిలో హైడ్రోజన్ పుడుతుంది కాబట్టి ఆరుబయటే చేయాలి. క్లిప్పులు తగిలించేది, తీసేది చార్జరు ఆపాకే, నిప్పురవ్వ లేవకూడదు. ఇక ఇంకా పెట్రోలు ఆవిరి ఉన్న ట్యాంకుకి అసలు కరెంటు పెట్టొద్దు. ముందు సబ్బు నీళ్లతో బాగా కడగాలి.

బోరుబావి:
దాని తర్వాత లోపల పూత వేయించాలా రాణిగారూ?

రెంచిరాణి:
చిల్లులు లేకపోతే నేను వేయను. ఇథనాలు కలిసిన పెట్రోలుకి కొన్ని పూతలు పొరలు పొరలుగా ఊడొస్తాయి. అది వచ్చి కార్బురేటరు జెట్టులో కూర్చుంటే తుప్పే నయం అనిపిస్తుంది. కడిగి, ఆరబెట్టి, వెంటనే ఆయిలు కలిపిన పెట్రోలు పోసి గిలకొట్టి నిండుగా ఉంచితే చాలు. కొళాయి దగ్గర జాలీ, పైపులో ఫిల్టరు మాత్రం తప్పనిసరి. ఆ ఇథనాలుకే పాత రబ్బరు పైపులు మెత్తబడిపోతాయి, అవీ మార్చేయాలి.

పాతఇనుము:
బ్రేకు డ్రమ్ములు విప్పేటప్పుడు లోపలి పొడిని గాలి కొట్టి ఊదకండి. ఆ కాలం లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవరులో కట్టి పారేయండి. మాస్కు లేకుండా ఆ పని వద్దు.

కొత్తచేతులు:
కొత్త పిస్టను, బోరింగు, ట్యాంకు అన్నీ అయ్యాయి. బండి స్టార్టయింది! కానీ తెల్లటి పొగ ఆగట్లేదు. మొదట్లో ఏటీఎఫ్ మిగిలిందేమో అనుకున్నా, ఎంతసేపు నడిపినా అలాగే ఉంది. ఇంకోటి, యాక్సిలరేటరు వదిలేసినా ఇంజను వెంటనే దిగట్లేదు, పైపైకి లేస్తోంది. కార్బురేటరు విప్పి కడిగి జెట్లు ఊది మళ్లీ పెట్టాను, తేడా లేదు. క్రాంకుకేసు మాత్రం విప్పలేదు.

సగంస్ట్రోకు:
నడపడం ఆపేయండి. కార్బురేటరుని వదిలేయండి, పాపం దాని తప్పేం లేదు.

టూ స్ట్రోకులో క్రాంకుకేసే గాలి పంపు. దానికి రెండు పక్కలా ఆయిలు సీళ్లు ఉంటాయి. ఏళ్ల తరబడి కదలకుండా పడుంటే వాటి పెదవులు గట్టిపడిపోతాయి. జావాలో ఎడమవైపు ప్రైమరీ చైను (ఇంజను నుంచి క్లచ్చుకి పోయేది), క్లచ్చు ఆయిల్లో తిరుగుతుంటాయి. అటు సీలు పోతే ఇంజను ఆ ఆయిల్నే పీల్చి కాలుస్తుంది. తెల్లపొగ అదే. ఆయిలు లెవెలు చూడండి, తగ్గే ఉంటుంది. కుడివైపు డైనమో. అటు ఆయిలు ఉండదు కాబట్టి సీలు పోతే వట్టి గాలి లోపలికొస్తుంది. పెట్రోలు, గాలి మిశ్రమం పలచబడి, వదిలినా ఇంజను పైకి లేస్తుంది. మీకు రెండు లక్షణాలూ ఉన్నాయి. ఇలాగే నడిపితే కొత్త పిస్టను నెత్తిన చిల్లు పడటానికి ఎంతోసేపు పట్టదు.

నమ్మకం కుదరకపోతే పరీక్ష సులువే. కార్బురేటరు తీసి ఆ నోరు, ఎగ్జాస్టు నోరు రబ్బరు, రేకు పెట్టి మూసేయండి. ప్లగ్గు రంధ్రంలో గొట్టం బిగించి చేతి పంపుతో గాలి ఒత్తిడి 6 పీఎస్‌ఐ దాకా ఎక్కించండి, అంతకు మించొద్దు. పంపు మీటరు ముల్లు నిలబడాలి. పడిపోతుంటే సీళ్ల దగ్గర, సిలిండరు కింద ప్యాకింగు దగ్గర, క్రాంకుకేసు అతుకు వెంట సబ్బు నురగ రాసి చూడండి. బుడగలు ఎక్కడొస్తే అక్కడే లీకు. ప్రైమరీ వైపు కవరు విప్పకపోతే బుడగలు కనబడవు. ఆయిలు పోసే మూత తీసి చెవి పెట్టండి, బుస వినిపిస్తుంది.

పాతఇనుము:
క్రాంకుకేసు విడదీయాల్సి వస్తే అతుకు మధ్య స్క్రూడ్రైవరు దూర్చొద్దు. ఆ గాటు పడిందంటే ఎన్ని ప్యాకింగులు వేసినా కారుతూనే ఉంటుంది. బేరింగులు కొట్టి దించకుండా కేసుని సుమారు 100 డిగ్రీలకి వేడి చెయ్యి. అల్యూమినియం ఉక్కుకంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది కదా, బేరింగు దానంతటదే జారుతుంది. కొత్తది ఎక్కించేటప్పుడు కేసు వేడిగా, బేరింగు ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా. కేసు ఎలాగూ విప్పుతావు కాబట్టి బేరింగులు, సీళ్లు అన్నీ ఒకేసారి మార్చేయ్. కనెక్టింగ్ రాడ్డుని పైకీ కిందికీ లాగి చూడు, పిసరంత ఆట ఉన్నా క్రాంకు పనికి ఇచ్చెయ్.

కొత్తచేతులు:
సగంస్ట్రోకు గారి మాటే నిజమైంది. ఆయిలు లెవెలు అడుగంటింది, డైనమో వైపు నురగ బుసబుసమని పొంగింది. తీసిన సీలు పెదవి గోటితో నొక్కితే పెళుసుగా విరిగింది. రెండూ మార్చి, బేరింగులు కూడా వేసి బిగించాను. పొగ తగ్గింది, వదలగానే ఇంజను దిగుతోంది. ఇప్పుడు చార్జింగ్ లైటు ఆరట్లేదు. కొత్త 6 వోల్టుల బ్యాటరీనే.

కరెంటుతీగ:
ముందు డైనమో బ్రష్షులు (కరెంటు అందుకునే కార్బన్ ముక్కలు) అంటుకోకుండా కదులుతున్నాయా, కమ్యుటేటరు (అవి రాసుకునే రాగి చుట్టు) నల్లగా ఉందా చూడండి. నల్లగా ఉంటే సన్నటి గరుకు కాగితంతో శుభ్రం చేసి గాళ్ళలో మసి గీకండి. అవి బాగుంటే, ఏళ్లుగా తిరగని డైనమోలో మిగులు అయస్కాంతత్వం పోయి ఉంటుంది. అది లేకపోతే డైనమో కరెంటు పుట్టించడం మొదలుపెట్టలేదు. రెగ్యులేటరు వైర్లు విడదీసి, ఫీల్డు చుట్టకి బ్యాటరీ కరెంటు క్షణం పాటు తాకిస్తే చాలు, మళ్లీ వస్తుంది. ప్లస్సు ఎటో మైనస్సు ఎటో మీ బండి వైరింగు బొమ్మలో చూసుకున్నాకే తాకించండి.

6 వోల్టుల బండిలో చిన్న తుప్పు కూడా పెద్ద శత్రువే. అర వోల్టు ఎక్కడో పోయిందంటే హెడ్‌లైటు దీపం బుడ్డి అయిపోతుంది. రేపు ఫ్రేముకి కొత్త రంగేశాక ఎర్తు స్క్రూల కింద రంగు గీకి ఇనుము బయటపెట్టండి. రంగేయించాక లైట్లు పనిచేయట్లేదని వచ్చే బళ్లలో చాలావాటికి జబ్బు అదే. పాయింట్ల (ప్లగ్గులో నిప్పురవ్వ కోసం కరెంటు తెంచే స్విచ్చు) గ్యాపు 0.4 మిల్లీమీటర్లు పెట్టాకే టైమింగు (రవ్వ ఏ క్షణంలో పడాలన్నది) చూడండి. గ్యాపు మారితే టైమింగు కూడా జరుగుతుంది, అందుకే ఆ వరుస. పాయింట్ల మధ్య తెల్లగా మిణుగురులు రాలుతుంటే కండెన్సరు మార్చండి.

కొత్తచేతులు:
తాకించగానే పనిచేసింది. లైటు ఆరింది! ఇక రంగు. మెరూన్ రంగు, గీతలు అన్నీ కొత్తగా వేయిద్దామనుకుంటుంటే మా పెదనాన్న కొడుకు పాత రంగే ఉంచమంటున్నాడు.

పాతఇనుము:
నేను మీ అన్న పక్షం. ట్యాంకు మీద కంపెనీ చేత్తో వేసిన గీతలు ఇంకా కనబడుతుంటే వాటిని గీకేయకు. పెచ్చులూడిన చోట తుప్పు ఆపి పైన మైనం పాలిష్ రాస్తే చాలు. కొత్త రంగు ఎప్పుడైనా వేయించుకోవచ్చు, పాతది మాత్రం మళ్లీ రాదు.

బోరుబావి:
నేను ఒప్పుకోను. రోజూ ఎండావానల్లో తిరిగే బండికి ఊడిన రంగు అందం కాదు, రేకుకి చేటు. వేయించేట్టయితే గీకే ముందు ట్రేసింగు కాగితం పరిచి గీతల వంపు, వెడల్పు ఎక్కించుకో. చీకటి మూలల్లో, బ్యాడ్జి కింద ఎండ తగలని అసలు రంగు దొరుకుతుంది, షేడు అక్కణ్ణుంచి కలిపించు.

కొత్తచేతులు:
ఈ సీజనుకి పాత రంగుతోనే తిప్పి చూస్తా. పెట్రోల్లో ఆయిలు ఎంత కలపాలి? టైర్లకి పళ్లు బాగానే ఉన్నాయి, అవే ఉంచొచ్చా?

సగంస్ట్రోకు:
లీటరుకి 40 మిల్లీలీటర్లు, అంటే 25కి 1. బోరు కొత్తది కాబట్టి పూర్తి యాక్సిలరేటరు పట్టి ఉంచకండి, అలాగని ఒకే స్పీడులో ఈడ్చుకుంటూ కూడా పోవద్దు. ఎక్కిస్తూ దించుతూ ఉండండి. ప్లగ్గు తీసి చూస్తే లేత గోధుమరంగు రావాలి. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే ఇంకా ఎక్కడో గాలి పీలుస్తోంది.

రెంచిరాణి:
టైరుకి పళ్లు కాదు, పుట్టినరోజు చూడు. పక్క గోడ మీద గుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2309 అంటే 2009లో 23వ వారం. మూడంకెలే ఉంటే, అది 2000కి ముందుది. ట్యూబులు, రిమ్ము టేపుతో సహా మార్చు, మార్చేటప్పుడు రిమ్ము లోపలివైపు చువ్వల నిపుళ్ల దగ్గర తుప్పు గీకి చూడు.