కస్టమ్స్ ఏజెంటు బిల్లులో రసీదు లేని ‘ఇతర ఖర్చులు’: బహుళజాతి కంపెనీల్లో పనిచేసేవారు మీ అనుభవాలు పంచుకోగలరు

పటాన్‌చెరు_కొనుగోళ్లు:
అందరికీ నమస్కారం. హైదరాబాద్ శివార్లలో కర్మాగారం ఉన్న ఒక యూరప్ కంపెనీలో, కొనుగోళ్ల విభాగంలో పనిచేస్తున్నాను. ఓడరేవు నుంచి మా విడిభాగాలను విడిపించే కస్టమ్స్ ఏజెంటు గత వారం పంపిన బిల్లులో సుంకానికీ, రేవు ఛార్జీలకూ, లారీ కిరాయికీ రసీదులు జతచేసి ఉన్నాయి గానీ, చివరి వరుసలో మాత్రం ‘ఇతర ఖర్చులు, రూ.18,500’ అని రాసి వదిలేశారు. ఫోను చేస్తే, సరుకు త్వరగా కదలాలంటే అవి తప్పవని ఏజెంటు అన్నాడు. అదే మాట కాగితం మీద రాసివ్వమంటే ఒప్పుకోలేదు. మొత్తం చిన్నదనీ, ఉత్పత్తి లైను ఆగితే నష్టం లక్షల్లో ఉంటుందనీ మా మేనేజరు ఆమోదించమంటున్నారు. ఏటా ప్రవర్తనా నియమావళి చదివి సంతకం చేస్తున్నాం కాబట్టి లంచంలా కనిపించే ఈ ఖర్చును ఆమోదించడం తప్పన్న సంగతి నాకు తెలుసు. ఇలాంటిది ఆపినవారికి ఆ తరువాత ఏమైంది, కంపెనీలో తప్పులపై ఫిర్యాదు చేసే హాట్‌లైన్‌కు చెబితే పేరు నిజంగా బయటికి రాదా అన్నవి తెలుసుకోవాలని అడుగుతున్నాను.

నిబంధనల_విభాగం:
నేను మరో బహుళజాతి కంపెనీలో కంప్లయెన్స్ పని, అంటే చట్టాలూ నియమాలూ సరిగా పాటిస్తున్నారో లేదో చూసే పని చేస్తాను. ‘మొత్తం చిన్నది’ అనే వాదన చట్టం ముందు నిలవదు. అమెరికా 1977లో తెచ్చిన విదేశీ అవినీతి చట్టంలో, మామూలుగా జరగాల్సిన ప్రభుత్వ పనిని త్వరపెట్టేందుకు ఇచ్చే సొమ్ముకు ఒక ఇరుకైన మినహాయింపు ఉన్న మాట నిజమే గానీ, బ్రిటన్ వారి 2010 లంచాల చట్టంలోనూ, మన అవినీతి నిరోధక చట్టంలోనూ అలాంటి వెసులుబాటు లేదు. మన చట్టానికి 2018 జులైలో అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం లంచం ఇవ్వడమూ నేరుగా నేరమే. బలవంతం మీద ఇచ్చినవారు 7 రోజుల్లోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో తెలియజేస్తేనే రక్షణ దొరుకుతుంది. అదే చట్టంలోని 9వ సెక్షన్ కంపెనీలకు సంబంధించినది. తన తరఫున పనిచేసే ఏజెంటు కంపెనీ మేలు కోసం చేతులు తడిపినా, దాన్ని నివారించే తగిన పద్ధతులు ముందే పెట్టుకున్నామని చూపలేని కంపెనీ దోషిగా నిలబడాల్సి ఉంటుంది. ఇప్పుడు మీరు ఆమోదం నొక్కితే, ఆ పద్ధతులు కాగితం మీదే ఉన్నాయనడానికి మీ బిల్లే సాక్ష్యమవుతుంది.

ఎర్లాంగెన్_నుంచి:
నేనుండేది జర్మనీలో. ఇక్కడ ఈ విషయం ఎత్తితే అందరికీ ముందు గుర్తొచ్చేది ఇక్కడి పెద్ద కంపెనీ సీమెన్స్ ఉదంతం. 2006 నవంబరులో మ్యూనిక్‌లో ఆ కంపెనీ కార్యాలయాల మీద సోదాలు జరిగే నాటికే వారికి లిఖితపూర్వక నియమావళి ఉంది, కంప్లయెన్స్ విభాగమూ ఉంది. అయినా 2001 నుంచి 2007 వరకు కనీసం 4,283 చెల్లింపుల ద్వారా దాదాపు 140 కోట్ల డాలర్లు వివిధ దేశాల అధికారులకు లంచాలుగా వెళ్లాయని అమెరికా స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ అయిన సెక్యూరిటీస్ కమిషన్ కోర్టులో వేసిన ఫిర్యాదులో పేర్కొంది. చెల్లింపు పత్రాల మీద సంతకాన్ని తరువాత పీకేయడానికి వీలుగా జిగురు చీటీల మీద పెట్టేవారనీ, ఉద్యోగులు నగదు తీసుకువెళ్లడానికి కంపెనీలోనే ‘క్యాష్ డెస్కులు’ ఉండేవనీ కమిషన్ ఫిర్యాదులో వివరంగా రాసింది. విదేశాల్లో ఇచ్చిన లంచాలను 1990ల చివరి వరకు పన్ను లెక్కల్లో వ్యాపార ఖర్చుగా చూపుకోవడానికి జర్మనీలో వీలుండేది. చట్టం మారినా అలవాటు మారలేదు.

మీ బిల్లుకు దగ్గరగా ఉన్న సంగతి ఒకటుంది. 2008 డిసెంబరులో సీమెన్స్ మాతృసంస్థ అమెరికా కోర్టులో నేరం ఒప్పుకున్నది అంతర్గత నియంత్రణలు పెట్టనందుకు, ఖాతా పుస్తకాలు తప్పుగా రాసినందుకు. లంచం ఎవరి చేతికి చేరిందన్నది ఒక ప్రశ్నయితే, దాన్ని పుస్తకాల్లో ఏ పేరుతో రాశారన్నది విడిగా మరో నేరం. అమెరికా, జర్మనీల్లో కలిపి ఆ కంపెనీ కట్టింది దాదాపు 160 కోట్ల డాలర్లు. ‘ఇతర ఖర్చులు’ అన్న వరుసను తేలిగ్గా తీసుకోవద్దని అందుకే అంటున్నాను.

విశాఖ_లెక్కలు:
ఇలాంటి బిల్లును ఆపిన అనుభవం నాకుంది కాబట్టి తరువాత ఏమవుతుందో చెబుతాను. నేనప్పుడు ఒక విదేశీ రసాయనాల కంపెనీలో ఖాతాలు చూసేదాన్ని. రసీదు లేని వరుసకు డబ్బు ఇవ్వబోమని ఏజెంటుకు ఈమెయిల్లో తెలిపి, ఆ మొత్తం మినహాయించి మిగతాది చెల్లించాం. ఆ తరువాతి సరుకు ఆలస్యమైంది, డెమరేజీ (సరుకు గడువుకు మించి రేవులో ఉండిపోతే పడే ఛార్జీ) కట్టాల్సి వచ్చింది, ఉత్పత్తి విభాగం మా మీద మండిపడింది. కానీ డెమరేజీకి రసీదు ఉంటుంది, ఎందుకు కట్టామో ఆడిటరుకు ధైర్యంగా చెప్పుకోవచ్చు. ఆ అనుభవంతో పత్రాలు ముందుగా దాఖలు చేయడం మొదలుపెట్టాం, అత్యవసర విడిభాగాల నిల్వ పెంచాం, రసీదు లేని ఏ ఖర్చూ చెల్లించబోమన్న షరతును ఏజెంటు ఒప్పందంలోనే చేర్చాం. నిజం చెప్పాలంటే, మేము ఆలస్యంగా పంపే పత్రాలే ఏజెంటుకు అడ్డదారి వెతుక్కునే అవసరం కల్పించేవి. మీ మేనేజరు గారితో మాట్లాడేటప్పుడు నీతి గురించి కంటే ఈ ఏర్పాట్ల గురించి ఎక్కువ మాట్లాడండి, వింటారు.

పేరు_చెప్పలేను:
హాట్‌లైన్ గురించి అడిగారు గనుక రాస్తున్నాను. ఒక అమెరికన్ కంపెనీ హైదరాబాద్ కార్యాలయంలో పనిచేసేటప్పుడు, బంధువు నడిపే సంస్థకు కాంట్రాక్టు ఇప్పించిన ఒక ఉన్నతోద్యోగి గురించి అజ్ఞాతంగా ఫిర్యాదు చేశాను. నా పేరు ఎవరూ బయటపెట్టలేదు. అయితే ఆ కొటేషన్లు చూసింది మా జట్టులో ముగ్గురమే కావడంతో, విచారణలో అడిగిన ప్రశ్నలను బట్టే అతనికి నా మీద అనుమానం వచ్చింది. ఆ ఏడాది నా రేటింగ్ తగ్గింది. ప్రధాన కార్యాలయానికి రాసిన తరువాతే సరిచేశారు. ఆ ఉద్యోగి చివరకు వెళ్లిపోయారు. ఫిర్యాదు చేసిన రోజు నుంచి తేదీలు, ఈమెయిళ్లు, అంతకుముందటి రేటింగులు వరుసగా భద్రపరచుకోవడమే నన్ను నిలబెట్టింది. పేరు దాచడం ఒక్కటే చాలదు. ఫిర్యాదు ఎవరి నుంచి వచ్చి ఉంటుందో ఊహించే వీలు లేకుండా ప్రశ్నలు అడగడం కూడా విచారణ చేసేవారి బాధ్యతే. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

నిబంధనల_విభాగం:
పై అనుభవానికి చట్టపరమైన నేపథ్యం కొంత జోడిస్తాను. మన కంపెనీల చట్టం 2013లోని 177వ సెక్షన్ ఫిర్యాదుదారులకు వేధింపుల నుంచి రక్షణ ఉండాలంటుంది గానీ, అది ప్రధానంగా స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీలకూ, ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకున్నవాటికీ, బ్యాంకుల నుంచి 50 కోట్లకు మించి అప్పు తెచ్చినవాటికీ వర్తిస్తుంది. విదేశీ కంపెనీల ఇక్కడి శాఖలు చాలావరకు ప్రైవేట్ లిమిటెడ్ సంస్థలు కావడంతో, అక్కడి ఉద్యోగికి ఆధారం మాతృసంస్థ నియమావళే అవుతోంది. ఫిర్యాదుదారుల రక్షణ కోసం యూరోపియన్ యూనియన్ తెచ్చిన 2019 ఆదేశం ప్రకారం ఫిర్యాదు అందినట్టు 7 రోజుల్లో తెలపాలి, ఆ తరువాత 3 నెలల్లో ఏం చేశారో చెప్పాలి. మీది యూరప్ కంపెనీ అన్నారు కదా, మీ హాట్‌లైన్ పత్రంలో ఈ గడువులు ఇక్కడివారికీ వర్తిస్తాయని ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ సంగతి కూడా అడగండి.

పటాన్‌చెరు_కొనుగోళ్లు:
అందరికీ కృతజ్ఞతలు. విశాఖ_లెక్కలు గారు చెప్పినట్టే ఏజెంటుకు ఈమెయిల్ పంపి, మేనేజరు గారినీ ఫైనాన్స్ వారినీ ప్రతిలో చేర్చాను. రాతపూర్వకంగా వచ్చేసరికి మేనేజరు గారు కూడా ఆమోదించమని మళ్లీ అనలేదు. ఆ వరుసకు చెల్లింపు ఆపి ఉంచారు. ఏజెంటు నుంచి ఇంకా జవాబు రాలేదు. తరువాతి సరుకు వచ్చే నెలలో రేవుకు చేరుతుంది, దాని పత్రాలు ఈ వారమే సిద్ధం చేస్తున్నాం.

విశాఖ_లెక్కలు:
మంచి పని చేశారు. ఈలోగా అదే ఏజెంటు పంపిన పాత బిల్లులు కూడా తీయించండి. ఈ వరుస మొదటిసారి వచ్చింది కాకపోవచ్చు. ఇంతకుముందు ఏ పద్దు కింద రాశారో ఆడిటరు అడగకముందే మీ ఫైనాన్స్ విభాగానికి తెలిసి ఉండాలి.